ప్లాస్టిక్ విమాన నమూనాల తయారీ

ప్లాస్టిక్ విమాన నమూనాల తయారీ అనేది ప్లాస్టిక్ విడిభాగాలను అతికించి, రంగులు వేసి, అసలు విమానాలను నిర్ణీత నిష్పత్తిలో చిన్నవిగా రూపొందించే ఒక అభిరుచి. విడిభాగాలు, వాటిని అమర్చే క్రమాన్ని చూపే పత్రం, విమానం మీద ఉండవలసిన గుర్తులు అన్నీ కలిపి ఒక పెట్టెలో అమ్ముతారు. దీనిని కిట్ అంటారు. ఇలా తయారైన నమూనాలు గాలిలో ఎగరవు. బల్ల మీదనో, అద్దాల బీరువాలోనో ఉంచి చూడడానికి ఉద్దేశించినవి. బాల్సా కర్రతో చేసి, చిన్న ఇంజన్లతో ఎగురవేసే నమూనాలు వేరు.

బొమ్మకు, నమూనాకు తేడా ఉన్నది. బొమ్మ విమానంలా కనిపిస్తే చాలు. నమూనా మాత్రం ఒక ఫలానా విమానాన్ని, వీలైతే ఒక ఫలానా కాలంలో ఆ విమానం ఉన్న రూపాన్ని చూపాలి. అందువలన ఈ అభిరుచిలో చేతిపనితో పాటు చరిత్రను పరిశీలించే పని కూడా ఇమిడి ఉన్నది.

స్కేలు

అసలు విమానానికి, నమూనాకు మధ్య గల నిష్పత్తిని స్కేలు అంటారు. 1/72 స్కేలు అంటే అసలు విమానం నమూనాకు 72 రెట్లు పొడవు అని అర్థం. ఈ సంఖ్యలు అడుగులు, అంగుళాల కొలమానం నుండి పుట్టినవి. ఆరు అడుగులను ఒక అంగుళంగా చూపితే 1/72 వస్తుంది. అంటే ఆరడుగుల మనిషి ఒక అంగుళం ఎత్తు ఉంటాడు. ఒక అడుగును పావు అంగుళంగా చూపితే 1/48, అర అంగుళంగా చూపితే 1/24 వస్తాయి. వీటితో పాటు 1/32, 1/144 కూడా వాడుకలో ఉన్నాయి.

ఉదాహరణకు, రెండవ ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధ విమానం స్పిట్‌ఫైర్ రెక్కల వెడల్పు 11.23 మీటర్లు. వివిధ స్కేళ్లలో ఆ వెడల్పు ఇలా ఉంటుంది:

1/144 స్కేలులో 7.8 సెంటీమీటర్లు
1/72 స్కేలులో 15.6 సెంటీమీటర్లు
1/48 స్కేలులో 23.4 సెంటీమీటర్లు
1/32 స్కేలులో 35.1 సెంటీమీటర్లు
1/24 స్కేలులో 46.8 సెంటీమీటర్లు

మన దేశంలో రూపొందిన తేజస్ విమానం పొడవు 13.2 మీటర్లు. 1/72 స్కేలులో ఇది 18.3 సెంటీమీటర్లు అవుతుంది. పెద్ద విమానాలకు చిన్న స్కేలే అనువైనది. విశాఖపట్నం సముద్రతీరంలో ప్రదర్శనకు ఉంచిన టీయూ-142 విమానం రెక్కల వెడల్పు సుమారు 50 మీటర్లు. 1/72 స్కేలులో చేసినా ఇది దాదాపు 70 సెంటీమీటర్ల చోటు ఆక్రమిస్తుంది.

స్కేలుతో పాటు పని కూడా మారుతుంది. 1/72 నుండి 1/48కు వెళితే పొడవు ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. రంగు వేయవలసిన ఉపరితలం మాత్రం రెండుంబావు రెట్లు అవుతుంది.

చరిత్ర

విమానాల చిన్న నమూనాలను మొదట కర్రతో చెక్కేవారు. 1936లో బ్రిటన్‌లో ఫ్రాగ్ అనే వ్యాపార నామంతో 1/72 స్కేలులో ప్లాస్టిక్ కిట్లు వెలువడ్డాయి. విమానాల ప్లాస్టిక్ కిట్లలో ఇవే మొదటివిగా పరిగణించబడుతున్నాయి. ఫ్రాగ్ సంస్థ అంతకు ముందు ఎగిరే నమూనాలను తయారు చేసేది. కొత్తవి ఎగరవు కనుక వాటికి ఎగరలేని పక్షి అయిన పెంగ్విన్ పేరు పెట్టింది. వీటికి వాడిన సెల్యులోజ్ ఎసిటేట్ కాలక్రమేణా వంకరపోయే గుణం కలది.

రెండవ ప్రపంచ యుద్ధంలో నమూనాలకు ప్రాణావసరమైన ప్రయోజనం ఏర్పడింది. ఆకాశంలో కనిపించే విమానం తమదో శత్రువుదో క్షణాలలో గుర్తించడం సైనికులకు నేర్పవలసి వచ్చింది. 1942లో అమెరికా నౌకాదళం ఇందుకోసం ఐదు లక్షల కర్ర నమూనాలు చేసి ఇవ్వవలసినదిగా పాఠశాలల విద్యార్థులను కోరింది. వీటిని 1/72 స్కేలులో చేసి నల్లరంగు వేసేవారు. ఆకారాన్ని మాత్రమే చూసి పోల్చుకోవడం ఆ శిక్షణ ఉద్దేశం.

యుద్ధానంతరం పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ చవకగా లభించడంతో ఈ అభిరుచి విస్తరించింది. బ్రిటన్‌లో నికొలస్ కోవ్ 1939లో స్థాపించిన ఎయిర్‌ఫిక్స్ సంస్థ తొలిరోజులలో దువ్వెనలు కూడా తయారు చేసేది. 1950లలో ఇది గోల్డెన్ హైండ్ అనే ఓడ కిట్‌ను చిన్న సంచిలో పెట్టి రెండు షిల్లింగులకు అమ్మింది. ఆ తరువాత వచ్చిన విమాన కిట్లు పిల్లల జేబు ఖర్చుకు అందుబాటులో ఉండేవి. అమెరికాలో రెవెల్, మోనోగ్రామ్ సంస్థలు, ఫ్రాన్స్‌లో హెల్లర్, ఇటలీలో ఇటలేరి ప్రసిద్ధి పొందాయి.

జపాన్‌లో షిజువోకా నగరం ఈ పరిశ్రమకు కేంద్రం. అక్కడి టమియా సంస్థ 1946లో కలప కోత మిల్లుగా మొదలై, కర్ర నమూనాల మీదుగా 1960లో ప్లాస్టిక్ కిట్లలోకి ప్రవేశించింది. హసెగావా సంస్థ కూడా షిజువోకా ప్రాంతానికి చెందినదే. చెక్ రిపబ్లిక్‌లోని ఎడ్వర్డ్ సంస్థ 1989లో ఆరంభమైనది.

కిట్ల ఉత్పత్తిలో అత్యంత విలువైనది ఉక్కు అచ్చు. ఒక అచ్చు దశాబ్దాల పాటు పనిచేస్తుంది. సంస్థ మూతపడినా అచ్చు చేతులు మారుతూ ఉంటుంది. 1970లలో ఫ్రాగ్ సంస్థ మూతపడినపుడు దాని అచ్చులలో అధిక భాగం సోవియట్ యూనియన్‌కు వెళ్ళి, నోవో అనే పేరుతో తిరిగి కిట్లుగా వచ్చాయి. జర్మనీ, జపాన్, ఇటలీ విమానాల అచ్చులు మాత్రం అక్కడికి వెళ్ళలేదు. వాటిని రెవెల్ సంస్థ తీసుకున్నది. ఎయిర్‌ఫిక్స్ సంస్థ కూడా 1981లో దివాలా తీసి, పలు చేతులు మారి, 2006లో హోర్న్‌బీ సంస్థ ఆధీనంలోకి వచ్చింది. ఈ కారణంగా కొత్త పెట్టెలో యాభై ఏళ్ళ నాటి కిట్ ఉండడం ఈ రంగంలో సాధారణం.

కిట్ తయారయ్యే విధానం

పాలీస్టైరీన్ గుళికలను వేడిచేసి కరిగించి, రెండు భాగాలుగా ఉన్న ఉక్కు అచ్చులోనికి అధిక పీడనంతో పంపుతారు. ప్లాస్టిక్ చల్లారిన తరువాత అచ్చు తెరుచుకుంటుంది. ద్రవం ప్రవహించిన కాలువలు గట్టిపడి, విడిభాగాలను పట్టి ఉంచే చట్రంగా మిగులుతాయి. అచ్చు రెండు వైపులకు తెరుచుకోవాలి కనుక బోలుగా ఉన్న భాగాలను ఒకే ముక్కగా చేయడం కష్టం. విమానపు మొండెం సాధారణంగా కుడి, ఎడమ అనే రెండు సగాలుగా రావడానికి కారణం ఇదే.

ఈ పద్ధతికి కొన్ని హద్దులున్నాయి. కిట్‌లోని ప్లాస్టిక్ గోడ ఒక మిల్లీమీటరు మందం ఉన్నదనుకుంటే, 1/72 స్కేలులో అది 7.2 సెంటీమీటర్ల మందానికి సమానం. అసలు విమానపు రేకు అంత మందంగా ఉండదు. అందుకే అనుభవజ్ఞులు రెక్కల వెనుక అంచులను లోపలివైపు నుండి అరగదీసి పలుచన చేస్తారు. రేకుల అతుకులను పాత కిట్లలో ఉబ్బెత్తు గీతలుగా చూపేవారు. తరువాతి కిట్లలో సన్నని గాడులుగా చూపుతున్నారు.

తయారీ దశలు

ముందుగా భాగాలను గోరువెచ్చని సబ్బునీటితో కడుగుతారు. అచ్చు నుండి ప్లాస్టిక్ తేలికగా విడివడడానికి వాడిన జిడ్డు మిగిలి ఉంటే రంగు పట్టదు. తరువాత ఒక్కొక్క భాగాన్ని చట్రం నుండి చిన్న కట్టర్‌తో కత్తిరించి, మిగిలిన ముక్కును ఆకురాయితోను, ఉప్పు కాగితంతోను నునుపు చేస్తారు. చేత్తో తుంచితే భాగం విరిగే ప్రమాదం ఉన్నది. జిగురు వేయకముందే భాగాలను ఒకదానితో ఒకటి చేర్చి, సరిగా కూర్చుంటున్నాయో లేదో చూడడం మంచిది.

పాలీస్టైరీన్‌కు వాడే జిగురు నిజానికి ఒక ద్రావకం. ఇది రెండు ఉపరితలాలను కొద్దిగా కరిగిస్తుంది. అవి ఒకదానిలో ఒకటి కలిసి, ద్రావకం ఆవిరైన తరువాత ఒకే ముక్కగా గట్టిపడతాయి. జిగురు ఎక్కువైతే సున్నితమైన వివరాలు కరిగిపోతాయి. లోహపు రేకులను, రెజిన్ భాగాలను ఈ ద్రావకం అతికించలేదు. వాటికి సూపర్ గ్లూ వాడతారు. కాక్‌పిట్ మీది పారదర్శకమైన కప్పుకు మాత్రం సూపర్ గ్లూ పనికిరాదు. దాని ఆవిరి ప్లాస్టిక్ మీద తెల్లని పొరగా పేరుకుంటుంది. అక్కడ కర్రపనికి వాడే తెల్లని జిగురు శ్రేయస్కరం.

పని సాధారణంగా కాక్‌పిట్‌తో మొదలవుతుంది. మొండెం మూసిన తరువాత లోపల రంగు వేయడం సాధ్యం కాదు. ముక్కు వద్ద చక్రం గల విమానాలలో మొండెం మూయకముందే ముందుభాగంలో బరువు ఉంచాలి. లేనిచో నమూనా తోక మీద కూలబడుతుంది. అతుకుల వద్ద మిగిలిన సందులను లప్పంతో పూడ్చి, ఆరిన తరువాత ఉప్పు కాగితంతో రుద్దుతారు.

రంగులు

నమూనాలకు ఎనామెల్, ఆక్రిలిక్, లక్కర్ అనే మూడు రకాల రంగులు వాడతారు. ఎనామెల్ నెమ్మదిగా ఆరి కుంచెకు అనుకూలంగా ఉంటుంది. ఆక్రిలిక్ రంగులకు వాసన తక్కువ. ఆరంభకులకు ఇవి అనువైనవి. లక్కర్ త్వరగా ఆరి గట్టి పొర ఏర్పరుస్తుంది కానీ దాని ఆవిరి హానికరం. పెద్ద ఉపరితలాలకు ఎయిర్‌బ్రష్ అనే చిన్న తుంపర పరికరాన్ని ఉపయోగిస్తారు. ఒక మందమైన పూత కంటే పలుచని పూతలు అనేకం వేయడం మేలు.

వాతావరణ ప్రభావం కూడా గమనించదగినది. వర్షాకాలపు తేమలో లక్కర్ రంగు తెల్లగా పాలిపోవచ్చు. ఎండాకాలంలో ఎయిర్‌బ్రష్ నుండి వెలువడిన తుంపర ఉపరితలాన్ని చేరకముందే ఆరి గరుకుగా పడుతుంది.

రంగు ఆరిన తరువాత దేశ చిహ్నాలు, సంఖ్యలు ముద్రించిన డెకాల్స్‌ను నీటిలో నానబెట్టి, కాగితం మీద నుండి జార్చి నమూనాపై అమర్చుతారు. గరుకు రంగు మీద డెకాల్ కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. అందువలన ముందుగా మెరుపు వార్నిష్ పూయాలి. చివరకు ఇంజన్ పొగ చారలు, పైలట్ ఎక్కే చోట రంగు ఊడిన గుర్తులు వంటివి చూపుతారు. వీటిలో మితం అవసరం.

ప్రామాణికత

నమూనా మీది ప్రతి రంగు చరిత్ర గురించిన ఒక వాదన. ఉదాహరణకు, బ్రిటిష్ యుద్ధ విమానాల పైభాగం 1941 ఆగస్టు వరకు మట్టి రంగు, ముదురు ఆకుపచ్చ. ఆ తరువాత మట్టి రంగు స్థానంలో బూడిద రంగు వచ్చింది. 1940 నాటి స్పిట్‌ఫైర్‌కు ఈ బూడిద రంగు వేస్తే ఆ నమూనా ఎంత నైపుణ్యంతో చేసినా తప్పే అవుతుంది.

దేశ చిహ్నాలు కాలాన్ని పట్టి ఇస్తాయి. అమెరికా విమానాల నక్షత్రం మధ్య ఉండే ఎర్రని చుక్కను 1942లో తొలగించారు. 1943లో నక్షత్రానికి ఇరువైపులా తెల్లని పట్టీలు చేర్చారు. ఆగ్నేయాసియా రంగంలో బ్రిటిష్, భారతీయ దళాల విమానాల చిహ్నం నుండి కూడా ఎరుపును తీసివేశారు. జపాన్ విమానాల ఎర్రని వృత్తంగా పొరబడి సొంతవారే కాల్చకుండా చేసిన మార్పు ఇది. స్వాతంత్ర్యానంతరం భారత వైమానిక దళం కొంతకాలం అశోక చక్ర చిహ్నాన్ని ఉపయోగించి, 1950 నుండి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వృత్తాలను స్వీకరించింది.

ఆధారాలు తరచుగా నలుపు తెలుపు ఛాయాచిత్రాలే. కొన్ని పాత ఫిల్ములలో పసుపు రంగు నల్లగాను, నీలం రంగు తెల్లగాను కనిపిస్తాయి. అందుచేత ఒక్క చిత్రాన్ని నమ్మక, రంగుల ఉత్తర్వులు, మిగిలి ఉన్న రేకు ముక్కలు, మ్యూజియంలోని విమానాలు అన్నీ సరిపోల్చాలి. మ్యూజియంలోని విమానానికి కూడా తరువాతి కాలంలో రంగు వేసి ఉండవచ్చు. అమెరికాలో 1956లో వెలువడిన ఫెడరల్ స్టాండర్డ్ 595 వంటి రంగుల ప్రమాణాలు ఈ పనిలో ఉపకరిస్తాయి. ఇందులో ఐదంకెల సంఖ్యలో మొదటి అంకె మెరుపు స్థాయిని తెలుపుతుంది.

చరిత్రను ఎంతవరకు చూపాలి అన్నది మరొక ప్రశ్న. నాజీ జర్మనీ విమానాల తోక మీద స్వస్తిక ఉండేది. ఆ చిహ్నాన్ని బహిరంగంగా ప్రదర్శించడం జర్మనీ చట్టం ప్రకారం చాలా సందర్భాలలో నేరం. అందువలన అనేక కిట్లలో దానిని వదిలివేస్తారు, లేదా రెండు ముక్కలుగా ముద్రిస్తారు. చరిత్రను దాచరాదని కొందరు, బాధితుల మనసు నొప్పించరాదని కొందరు వాదిస్తారు.

భారతదేశంలో

నేషనల్ కాడెట్ కోర్ వైమానిక విభాగపు శిక్షణలో విమాన నమూనాల తయారీ ఒక అంశం. కిట్లు చాలావరకు విదేశాల నుండి దిగుమతి అవుతాయి. విదేశీ కిట్‌కు భారతీయ గుర్తులు అమర్చడం ఇక్కడి అభిరుచిపరులలో ఆదరణ గల పద్ధతి.

ఈ అభిరుచికి ఇక్కడ ఒక ప్రత్యేక ప్రయోజనం ఉన్నది. కర్ట్ టాంక్ నేతృత్వంలో రూపొంది 1961 జూన్ 17న తొలిసారి ఎగిరిన హెచ్ఎఫ్-24 మారుత్ నేడు ప్రదర్శనశాలలలో మాత్రమే మిగిలి ఉన్నది. 1963లో భారత వైమానిక దళంలో చేరిన మిగ్-21 విమానాలు 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సేవ నుండి వైదొలగాయి. ఒక స్క్వాడ్రన్‌లో ఒక సంవత్సరం ఆ విమానం ఏ రంగులో ఉన్నదో, ఏ ఆయుధాలు మోసినదో తెలిసినవారు క్రమంగా తగ్గిపోతారు. ఆ వివరాలను సేకరించి, సరిచూసి చేసిన నమూనా ఒక చిన్న చారిత్రక పత్రంతో సమానం. నమూనాతో పాటు విమానం సంఖ్య, కాలం, రంగులకు ఆధారం ఒక చీటీ మీద రాసి ఉంచడం అందువలన మంచి అలవాటు.

జాగ్రత్తలు

జిగురు, లక్కర్ వాడేటపుడు గదిలో గాలి ధారాళంగా ఆడాలి. దీపం, పొయ్యి వంటివి దగ్గర ఉండరాదు. ఎయిర్‌బ్రష్ వాడేవారు ద్రావకాల ఆవిరిని ఆపగల ముసుగు ధరించాలి. సాధారణ గుడ్డ ముసుగు చాలదు. రెజిన్‌ను తడిపి రుద్దితే ధూళి లేవదు. బ్లేడును ఎల్లప్పుడు వేళ్ళకు దూరంగా కదిలే విధంగా వాడాలి. పిల్లలు పెద్దల పర్యవేక్షణలో పని చేయాలి. పూర్తయిన నమూనాను నేరుగా ఎండ తగలని చోట ఉంచాలి. ఎండకు డెకాల్స్, తెల్లని ప్లాస్టిక్ పసుపుబారతాయి.

ఇవి కూడా చూడండి

విమానం
పాలీస్టైరీన్
భారత వైమానిక దళం
తేజస్
మిగ్-21