తుని–కాకినాడ తీరం: సహజవాయువు నుంచి గ్రీన్ అమ్మోనియా దాకా

పూర్వపు తూర్పు గోదావరి జిల్లాకు ఈశాన్యపు అంచు పట్టణం తుని. 2022 ఏప్రిల్ 4 నుంచి ఇది కాకినాడ జిల్లాలో ఉంది. తాండవ నది దాటితే పాయకరావుపేట, అనకాపల్లి జిల్లా. కర్బన ఉద్గారాలను తగ్గించే జాతీయ విధానం తునికి అటూ ఇటూ రెండు భారీ ప్రాజెక్టులను తలపెట్టింది: ఒక పక్క కాకినాడలో గ్రీన్ అమ్మోనియా, మరో పక్క పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్. అయితే బొగ్గు కంటే మేలైన ఇంధనం వస్తుందన్న మాట గోదావరి జిల్లాలవారు వినడం ఇది రెండోసారి.

మొదటిసారి వచ్చింది సహజవాయువు. 1978లో నరసాపురం దగ్గర ఓఎన్‌జీసీ బావిలో గ్యాస్ పడింది. అదే కరెంటుకు బొగ్గుతో పోలిస్తే గ్యాస్ వదిలే కార్బన్ డయాక్సైడ్ సుమారు సగమే. విజ్జేశ్వరం, జేగురుపాడు, కాకినాడ, సామర్లకోట, వేమగిరిలో విద్యుత్ కేంద్రాలు లేచాయి. కాకినాడలో నాగార్జున ఫెర్టిలైజర్స్ గ్యాస్‌తో యూరియా తయారుచేసింది. దీనికి కోనసీమ చెల్లించిన మూల్యం వేరు. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి బ్లోఅవుటై రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు.

2009 ఏప్రిల్‌లో సముద్రంలోని కేజీ-డి6 క్షేత్రపు గ్యాస్ గాడిమొగ దగ్గర ఒడ్డుకు చేరడంతో ఆశలు ఆకాశానికెక్కాయి. కొద్ది ఏళ్లకే ఉత్పత్తి పడిపోయింది. 2013 నాటికి రాష్ట్రంలోని గ్యాస్ కేంద్రాలు చాలావరకు మూలనపడ్డాయి. సామర్లకోటలో రిలయన్స్ పవర్ తలపెట్టిన 2,400 మెగావాట్ల కేంద్రానికి యంత్రాలు వచ్చాయి గాని గ్యాస్ రాలేదు. ఆ యంత్రాల్లో ఒక భాగం చివరికి బంగ్లాదేశ్‌కు తరలిపోయింది. ఇంధనం ఖాయం కాకముందే యంత్రం కొంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

చట్టాల చరిత్ర ఇంతకంటే తొందరగానే చెప్పవచ్చు. 1974లో జల కాలుష్య చట్టం, భోపాల్ దుర్ఘటన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1991లో తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్, 1994లో పర్యావరణ ప్రభావ మదింపు వచ్చాయి. ఇవన్నీ కాలుష్యాన్ని అదుపు చేసేవి. దేశం ఏ ఇంధనంతో నడవాలన్న ప్రశ్న ముందుకొచ్చింది ఆ తర్వాతే. 2021 నవంబరులో గ్లాస్గో వాతావరణ సదస్సులో భారత్ 2070 నాటికి నెట్ జీరో సాధిస్తానని ప్రకటించింది. 2023 జనవరిలో రూ.19,744 కోట్లతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తి దాని లక్ష్యం. 2024లో ఆంధ్రప్రదేశ్ తన సమగ్ర క్లీన్ ఎనర్జీ విధానాన్ని ప్రకటించింది. పూడిమడకలో ఎన్‌టీపీసీ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు.

కాకినాడలో నాగార్జున పాత ఎరువుల కర్మాగారాన్నే ఏఎం గ్రీన్ సంస్థ గ్రీన్ అమ్మోనియాకు మలచదలచింది. లక్ష్యం ఏటా పది లక్షల టన్నులు. పాత పద్ధతిలో అమ్మోనియాకు కావలసిన హైడ్రోజన్‌ను గ్యాస్ నుంచి తీస్తారు. కొత్త పద్ధతిలో నీటిని కరెంటుతో విడగొట్టి తీస్తారు. ఒక్క కిలో హైడ్రోజన్‌కు యాభై యూనిట్లకు పైగా కరెంటు కావాలి. ఆ లెక్కన పది లక్షల టన్నుల అమ్మోనియాకు ఏడాదికి సుమారు వెయ్యి కోట్ల యూనిట్లు. ఆ కరెంటు ఎండ నుంచి, గాలి నుంచి రావాలి; ఎండా గాలీ తగ్గినప్పుడు కూడా అది ఆగకూడదు. అందుకే నంద్యాల జిల్లా పిన్నాపురంలోని నీటిని పైకి తోడి కరెంటును నిల్వచేసే 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ లాంటివి దీనికి ప్రాణాధారం.

ఇక్కడ రైతుకు ఓ చిక్కుంది. యూరియాకు అమ్మోనియాతోపాటు కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి. గ్యాస్ నుంచి హైడ్రోజన్ తీసేటప్పుడు అది ఊరికే దొరికేది. నీటి నుంచి తీస్తే దొరకదు. కాబట్టి ఒకప్పుడు యూరియా తయారైన చోట ఇకమీదట తయారయ్యే అమ్మోనియాలో ఎక్కువ భాగం విదేశీ కొనుగోలుదారుల కోసమే. తొండంగి, కొత్తపల్లి మండలాల్లో కాకినాడ సెజ్ భూసేకరణపై ఏళ్ల తరబడి ఆందోళనలు చూసిన తీరం ఇది. కర్బనం తగ్గిన లెక్క కొన్న దేశం ఖాతాలో పడితే, నేల, నీరు, కరెంటు ఇచ్చిన తీరానికి మిగిలేదేమిటో ఒప్పందాల్లోనే రాసుకోవాలి. కర్మాగారం లేచాక అడిగితే ఆలస్యమవుతుంది.