లింకన్ నౌక ఇంటికొచ్చాక

బాతెల్ నుంచి ఉత్తరంగా పోయే రోడ్డుకి బాతెల్-ఎవరెట్ హైవే అని పేరు. ఆ చుట్టుపక్కల కాపురముంటున్న మన తెలుగువాళ్ళకి ఎవరెట్ అనగానే బోయింగ్ కర్మాగారమే గుర్తొస్తుంది. అక్కడే, సముద్రపు ఒడ్డున, 1994లో తెరిచిన నౌకాదళ స్థావరం కూడా ఉంది. 2003 మే 6న ఏబ్రహాం లింకన్ అనే విమానవాహక నౌక ఆ రేవుకి తిరిగొచ్చింది.

ఆ నౌక పేరు చరిత్రలో నిలిచింది అంతకు అయిదు రోజుల ముందు జరిగిన తంతు వల్ల. కాలిఫోర్నియా తీరం దగ్గర అధ్యక్షుడు బుష్ విమానంలో దాని మీద దిగి, పని పూర్తయిందని చాటే బ్యానరు ముందు ప్రసంగించాడు. ఎంత పూర్తయిందో తర్వాత లోకమంతా చూసింది! ఆ ప్రసంగంలోనే ఇంకో మాట ఉంది. తండ్రులు నౌక మీద ఉండగా ఇళ్ళల్లో 150 మంది పిల్లలు పుట్టారట. నా మటుకు నాకు బ్యానరు కంటే ఆ అంకే ముఖ్యం.

2002 జులైలో బయల్దేరిన నౌక అది. ఇంటిముఖం పట్టాక, 2003 కొత్త సంవత్సరం రోజుల్లో, ఇరాక్ యుద్ధం కోసం వెనక్కి తిప్పారు. మొత్తం పది నెలలు. ఇల్లు మాత్రం ఎవరి కోసమూ ఆగదు కదా. బిల్లులు కట్టాలి, కారు బాగుచేయించాలి, పిల్లల అల్లరికి హద్దులు పెట్టాలి. ఇవన్నీ ఉన్న ఒక్క మనిషే చేసుకుపోతుంది. నౌక మీద ఆడవాళ్ళూ పనిచేశారు కనుక కొన్ని ఇళ్ళల్లో ఆ ఒక్క మనిషి భర్త. తిరిగొచ్చినవారు తాము వదిలి వెళ్ళిన ఇంటికే వస్తున్నామనుకుంటారు. ఆ ఇల్లు అక్కడ ఉండదు. పసిబిడ్డ తండ్రిని చూసి ఏడుస్తుంది. పెద్దపిల్లాడు నాన్న చెప్పిన మాటకి అమ్మ మొహం చూస్తాడు.

నౌకాదళం ఈ సంగతి ఎరుగును. తిరుగు ప్రయాణంలో సలహాదారులు నౌక ఎక్కి పాఠాలు చెప్పే పద్ధతి ఉంది. వెళ్ళగానే ఇంటి కట్టుబాట్లు మార్చకండి, డబ్బు లెక్కలు లాక్కోకండి, కొన్నాళ్ళు ఊరికే చూడండి అని చెబుతారు. ఈ జ్ఞానం ఊరికే రాలేదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక 1946లో అమెరికాలో ఆరు లక్షలకు పైగా విడాకులయ్యాయి. అప్పటికి అదే అత్యధికం. రూబెన్ హిల్ అనే సామాజికశాస్త్రవేత్త అయోవా రాష్ట్రంలో 135 సైనిక కుటుంబాలను పరిశీలించి 1949లో పుస్తకం వేశాడు. ఎడబాటును చక్కగా నెట్టుకొచ్చిన ఇల్లు కలయికను కూడా అంత చక్కగా నెట్టుకొస్తుందన్న నమ్మకం లేదని తేల్చాడు. వెళ్ళిన మనిషి చోటును పూర్తిగా పూడ్చేసుకున్న ఇంట్లో, వచ్చినవాడికి కూర్చునే చోటు దొరకదు. అలాగని అన్నీ ఆయన వచ్చాకే అని ఆపేసుకున్న ఇల్లు అసలు నడవదు. కొంచెం సర్దుకుని, కొంచెం ఖాళీ ఉంచిన ఇళ్ళే నిలదొక్కుకున్నాయి.

మనకి ఇది కొత్త కాదు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది. రెండు ప్రపంచ యుద్ధాలకూ జవాన్లను పంపి మిలిటరీ మాధవరం అనిపించుకుంది. పత్రికలవాళ్ళు అక్కడికి వెళితే లెక్కపెట్టేది సైన్యంలోకి పోయినవాళ్ళని. వచ్చినవాడికి పొలం సంగతులు, అప్పుల సంగతులు అప్పజెప్పిన ఆడవాళ్ళని లెక్కపెట్టే అలవాటు ఇంకా రాలేదు.

ఆ సంగతి పట్టించుకున్నది మన పాట ఒకటే. ఊర్మిళాదేవి నిద్ర పాటలో లక్ష్మణుడు పద్నాలుగేళ్ళకి ఇంటికొస్తాడు. ఊర్మిళ ఆనందంతో ఎదురు రాదు. నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి, ఎవరో పరాయివాడు గదిలోకి చొరబడ్డాడని భయపడి, మా తండ్రికి తెలిస్తే ఊరుకోడని మందలిస్తుంది. అంతటి వీరుడూ తానెవరో చెప్పుకుని నమ్మించుకోవలసి వస్తుంది. ఆ పాట తరతరాలుగా పాడుకున్నది ఇళ్ళల్లో ఉండిపోయిన ఆడవాళ్ళు.