శామీర్‌పేట చట్టాల బడి, మన హక్కుల కథ

జూబ్లీ బస్టాండు నుంచి కరీంనగర్ వైపు వెళ్లేటప్పుడు శామీర్‌పేట దగ్గర మన పిల్లలు చెరువును చూస్తారు, జింకల పార్కును చూస్తారు. ఆ మండలంలోనే నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉందన్న సంగతి చాలామంది చెవిన పడదు. మన గూడేలకు, తండాలకు దానితో ఏం పని అంటారేమో. ఉంది తమ్ముళ్లూ, చెల్లెళ్లూ!

1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టంతో నల్సార్ పుట్టింది. తొలి రోజుల్లో నగరంలోని బర్కత్‌పురాలో నడిచి, తర్వాత శామీర్‌పేటకు చేరింది. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తే దీని ఛాన్సలర్. అప్పుడు ఆ ఊరు రంగారెడ్డి జిల్లాలో ఉండేది, 2016 నుంచి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా.

మన హక్కుల కథ మాత్రం అంతకు చాలా ముందే, అడవిలో మొదలైంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను గోండు గూడేలకు పంపింది. ఆయన చూసి రాసిన విషయాలు తర్వాత వచ్చిన గిరిజన ప్రాంతాల చట్టాలకు ఊతమయ్యాయి. ముందు రక్తం, తర్వాత పరిశోధన, ఆ తర్వాతే చట్టం. ఈ వరుసను మనం మరవకూడదు.

1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో గట్టిగా సవరించారు. మన పెద్దలు 'వన్ ఆఫ్ సెవెంటీ' అనేది దాన్నే. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదన్నది దాని సారం. మరి ప్రభుత్వమే గనుల కంపెనీలకు లీజుకిస్తే? విశాఖ జిల్లా అనంతగిరి మండలంలో సరిగ్గా అదే జరిగింది. సమత అనే సంస్థ గిరిజనుల తరఫున కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడినా వెనక్కి తగ్గలేదు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీతో తీర్పు చెప్పింది: ప్రభుత్వం కూడా ఆ నిబంధనల కింద 'వ్యక్తే', ఆ లీజులు చెల్లవు. ఒక్క మాటకు అర్థం తేల్చడంతో కొండలు మిగిలాయి. చట్టం చదవడమంటే ఏమిటో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ మాకు కనబడలేదు.

ఆ మరుసటి ఏడాదే నల్సార్ వచ్చింది. తొలితరం అధ్యాపకుల్లో ఒకరైన కల్పన కన్నబిరాన్ 2012లో వెలువరించిన 'టూల్స్ ఆఫ్ జస్టిస్'లో వివక్ష లేకుండా బతికే హక్కును దళితులు, ఆదివాసులు, స్త్రీలు, వికలాంగుల వైపు నుంచి చర్చించారు. అక్కడే బోధించిన అమితా ధండా వికలాంగుల హక్కులపై దశాబ్దాలు పనిచేశారు. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం చర్చల్లోనూ పాల్గొన్నారు. ఆ ఉద్యమం నినాదం: మేం లేకుండా మా గురించి ఏ నిర్ణయమూ వద్దు. మనకూ సరిపోయే మాట కదా!

ఎందుకంటే 2020 ఏప్రిల్ 22న మనకు పెద్ద దెబ్బ తగిలింది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 సంవత్సరపు జీవో 3ను సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసింది. నూరు శాతం రిజర్వేషన్ కుదరదంది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలను షరతులతో నిలిపింది. అంతకంటే నొప్పించింది భాష. మన బతుకును 'ఆదిమ' జీవన విధానంగా వర్ణించిన మాటలు ఆ తీర్పులో ఉన్నాయి. 1997లో సమత తీర్పు ఇచ్చిన కోర్టు కూడా ఇదే. తీర్పులు వాదనల మీద, ఆ వాదనలు సేకరించిన ఆధారాల మీద నిలుస్తాయి. మన గురించిన ఆధారాలు ఇన్నాళ్లూ ఎక్కువగా బయటివాళ్ల కలం నుంచే వచ్చాయి.

నల్సార్‌లో చేరాలంటే ఇంటర్ తర్వాత క్లాట్ రాయాలి. ఎస్టీలకు రిజర్వు సీట్లున్నాయి. ఖర్చు ఎక్కువ, ప్రశ్నపత్రం ఇంగ్లిషులో ఉంటుంది, ఆ అడ్డంకిని చిన్నదని మేం అనం. ఇంకో సంగతి: 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. ఈ ముక్క ఇంట్లో అందరికీ చెప్పండి.

లా చదవబోయే మన పిల్లలకు ఒక పని సిద్ధంగా ఉంది. జీవో 3 అమలైన ఇరవై ఏళ్లలో గోండి, కోయ తెలిసిన టీచరు వచ్చిన బడిలో ఎంతమంది పిల్లలు చదువు మానకుండా నిలిచారు? ఊరూరా తిరిగి, రిజిస్టర్లు తీసి, తల్లిదండ్రులను అడిగి రాయాలి. రేపు ఏ కోర్టులోనైనా ఈ ప్రశ్న మళ్లీ వస్తే లాయరు చేతిలో ఉండాల్సిన కాగితం అదే.