ఆటలకాలం నడుమ గురువు మార్పు

జట్టు వరుసగా ఓడిపోవుచున్నప్పుడు లోకం మొదట వేలెత్తి చూపేది శిక్షకునినే. పదకొండుగురు ఆటగాండ్రను ఒక్కనాడు మార్చుట అయ్యే పని కాదు. ఒక్క మనిషిని సాగనంపుట సులభం. మొగుళ్లపల్లి చుట్టుపట్ల రైతులకు ఈ చిక్కు తెలియనిది కాదు. మిరపతోట నడికాలంలో వడలిపోయినప్పుడు జీతగానిని మార్చవలెనా, బావి పూడిక తీయించవలెనా అని ఇంట్లో తర్జనభర్జన జరుగును. హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలో ఇటువంటి తర్జనభర్జన ఏ రూపం తాల్చినదో నేడు ముచ్చటించుకొందాము.

2019 ఆగస్టు నెలాఖరున పూణే నగరపు జట్టు స్థానంలో హైదరాబాదు ఎఫ్.సి. అవతరించినది. ఇండియన్ సూపర్ లీగు పోటీలు అక్టోబరులో ఆరంభం. జట్టును కూర్చుకొని, మైదానం చూచుకొని, అలవాటు పడుటకు మిగిలినది రెండు నెలలలోపు కాలమే. శిక్షకుడు ఇంగ్లండు వాడైన ఫిల్ బ్రౌన్. హల్ సిటీ జట్టును 2008లో తొలిసారిగా అక్కడి అగ్రశ్రేణికి చేర్చిన వాడు కనుక, అనామకుడని కొట్టివేయుటకు వీలులేదు. ఆయన పూణే జట్టులో అడుగు పెట్టినది కూడ 2018 డిసెంబరులో, ఆటలకాలం నడుమనే! తడబడుచున్న జట్టును నిలబెట్టుటకు వచ్చిన వానికి, ఏడాది తిరిగేసరికి అదే న్యాయం ఎదురైనది.

తొలి ఆటలో కలకత్తా జట్టు చేతిలో 5-0 తేడాతో పరాభవం. నవంబరు 2న గచ్చిబౌలిలో కేరళ జట్టుపై 2-1 గెలుపు వచ్చినప్పుడు నగరం పొంగిపోయినది. ఆ పొంగు నిలువలేదు. గాయాలు ఆటగాండ్రను ఒక్కరొక్కరుగా బయట కూర్చోబెట్టినవి. నెస్తర్ గోర్దిల్లో అను ముఖ్యమైన ఆటగాడు నిషేధం వలన తొలి నెలలలో బరిలోకి దిగలేకపోయినాడు. 2020 జనవరి 5న అదే కేరళ జట్టు 5-1తో పగ తీర్చుకొన్నది. 10వ తేదీన చెన్నై జట్టు సొంత మైదానంలోనే 3-1తో ఓడించినది. మరునాడు బ్రౌన్‌కు ఉద్వాసన. పన్నెండు ఆటలు, ఒకే గెలుపు, రెండు సమములు, తొమ్మిది ఓటములు. వెరసి అయిదు పాయింట్లు.

ఇటువంటి వేళ అభిమానులు రెండు పక్షాలుగా చీలుట సహజం. గాయపడినవారిని శిక్షకుడు కాళ్ళిచ్చి లేపగలడా, రెండు నెలలలో కూర్చిన జట్టుకు రెండేండ్లయినా ఇవ్వవద్దా అని ఒక పక్షం అడుగును. సాకులు ప్రతి జట్టుకూ ఉండునవే, వెనుక వరుస ఆటకొక విధంగా చిల్లులు పడుచున్నప్పుడు దిద్దవలసిన వాడు ఎవరు అని రెండవ పక్షం నిలదీయును. మా దృష్టిలో రెండవ ప్రశ్నయే గట్టిది. ఆటగానికి గాయమగుట దైవికం. ఉన్న వారితో గోలు రాకుండ కాచుకొనుట నేర్పు.

ఇక లెక్క చూడండి. తాత్కాలిక శిక్షకుల చేతిలో జట్టు మిగిలిన ఆరు ఆటలు ఆడినది. ఒక గెలుపు, రెండు సమములు, మూడు ఓటములు. అవియు అయిదు పాయింట్లే. పన్నెండు ఆటలలో వచ్చినంత ఆరింటిలో వచ్చినది. మార్పు ఫలించినదని ఒకరు, అప్పటికే ఆలస్యమైనదని ఇంకొకరు ఈ లెక్కనే చూపవచ్చును. ఎవరెట్లన్నా జట్టు పదింటిలో పదవదిగానే ముగించినది. కాని ఫిబ్రవరి 20న జరిగిన చివరి ఆటలో ఈశాన్య జట్టును 5-1తో ఓడించినప్పుడు, ఆ జనవరిలోనే వచ్చిన లిస్టన్ కొలాసో అను కుర్రవాడు రెండు గోలులు వేసినాడు.

హైదరాబాదుకు శిక్షకుని విలువ కొత్తగా నేర్పవలసిన పని లేదు. వృత్తిచే ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం ఈ నగరపు వాడు. ఆయన తీర్చిన హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేండ్లు రోవర్సు కప్పు గెలిచినది. అయినను ఆయనకు అపజయం తెలియనిది కాదు. 1952 హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా భారతదేశాన్ని 10-1తో చిత్తు చేసినది. మనవారిలో చాలామంది వట్టికాళ్ళతో ఆడినారు. నాలుగేండ్లకు మెల్బోర్నులో నాలుగవ స్థానం దక్కిననాడు శిక్షకుడు ఆయనే. 1962 జకార్తా ఆసియా క్రీడలలో తొలి ఆటలో దక్షిణ కొరియా 2-0తో ఓడించగా, రహీం మార్చినది మనుషులను కాదు, స్థానాలను. తలకు కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగును ముందు వరుసకు పంపినాడు. సెప్టెంబరు 4న తుదిపోరులో అదే కొరియాపై 2-1 గెలుపు, పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు. మరుసటి ఏడు జూన్ 11న క్యాన్సరు రహీంను తీసుకొనిపోయినది.

మరల నేటి జట్టుకు వత్తము. బ్రౌన్ తరువాతి కాలానికి నిర్ణయించిన ఆల్బర్ట్ రోకా ఒక్క ఆటైనా ఆడించకుండ 2020 ఆగస్టులో బార్సెలోనాకు వెళ్ళిపోయినాడు. ఆ ఖాళీలో వచ్చిన మనోలో మార్క్వెజ్ కుర్రవాండ్రను నమ్మినాడు. మొదటి ఏడు ఐదవ స్థానం. 2022 మార్చి 20న గోవాలో కేరళతో తుదిపోరు 1-1 అయి పెనాల్టీలకు దిగగా, లక్ష్మీకాంత్ కట్టిమని మూడింటిని ఆపి కప్పును హైదరాబాదుకు తెచ్చినాడు.

2023లో మార్క్వెజ్ వెళ్ళిన తరువాత డబ్బు చిక్కులు ముదిరి, విదేశీ ఆటగాండ్రు విడిచిపోయినారు. 2023-24లో ఇరువదిరెండు ఆటలలో ఎనిమిదే పాయింట్లు. 2024 డిసెంబరులో మరల ఆటలకాలం నడుమనే థాంగ్‌బోయ్ సింగ్టో స్థానంలో షమీల్ చెంబకత్ వచ్చినాడు. మునుపటి తర్జనభర్జనకు మరొక మారు తావు కలిగినది గాని, ఈసారి బావిలోనే నీరు లేదు. 2025లో జట్టు ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అను పేరు పెట్టుకొన్నది.