షీట్ అంటే చాప కాదు, తాడు

సికింద్రాబాద్ దాటితే హుస్సేన్ సాగర్. అక్కడ తెరచాప పడవ నేర్చుకునే కొత్తవాడికి ‘మెయిన్ షీట్ లాగు’ అంటే చెయ్యి తెరచాప వైపు పోతుంది. లాగాల్సింది తాడు!

తప్పు అతనిది కాదు. పాత ఇంగ్లీషులో తెరచాప కింది మూలకు ‘షేఅటా’ అని పేరు. ఆ మూలను అదుపు చేసే తాడుకు అదే పేరు అంటుకుంది. పక్కమీద పరిచే షీటు దీనికి దాయాది. మన మాటకు ఈ తిరకాసు లేదు. తెర, చాప రెండూ కళ్లెదుటే ఉన్నాయి.

తెరచాప అడుగున ఉండే అడ్డదూలం బూమ్. దాన్ని లోపలికి లాగేది, బయటికి వదిలేది ఈ తాడే. దూరప్రయాణాల పడవలో దీన్ని ఎక్కడ కట్టాలన్నది పెద్ద చర్చ. బూమ్ కొసకు కడితే తక్కువ బలం చాలు, కానీ తాడు తరచు కూర్చునేచోట అడ్డుపడుతుంది. నడిమికి కడితే చోటు కలిసొస్తుంది, లాగడం బరువు, బూమ్ వంగే ముప్పూ ఎక్కువ.

అప్పుడు గిలకలు పెంచాలి. బావిమీది ఒంటి గిలక దిశ మారుస్తుందే గాని బరువు తగ్గించదు. గిలకల మధ్య తాడు నాలుగు పేటలుగా నడిస్తే, రాపిడి మాట పక్కనపెడితే, పావు బలం చాలు. బదులుగా 1 మీటరు పనికి 4 మీటర్ల తాడు లాగాలి.

ఇంగ్లీషులో తప్పతాగినవాణ్ని ‘మూడు షీట్లు గాలికొదిలాడు’ అంటారు. మనమైతే అదుపు వదిలినవాణ్ని పగ్గాలు వదిలేశాడంటాం. పడవైనా బండైనా, తాడు చేతిలో ఉండాలి.