వెనక పేజీల్లోని మాటలు

గ్లాస్గోలో ఉద్యోగంలో చేరిన కొత్తలో మా టీమ్ లీడ్ నుంచి ఒక మెయిల్ వచ్చింది. అందులో "ఔట్‌విత్ ఆఫీస్ అవర్స్" అని ఉంది. తొందరలో తప్పు టైపు చేశాడనుకున్నాను. నా జవాబులో అదే మాట వాడితే కంప్యూటర్ దాని కింద ఎర్రగీత గీసింది. అడిగితే, "పరిధికి బయట" అని అర్థం చెప్పాడు. అది స్కాట్స్ మాట అని ఆయనకీ తెలియదు. ఇన్నాళ్ళూ మామూలు ఇంగ్లీషే అనుకున్నాడట!

అప్పటినుంచి ఇలాంటి మాటలు ఏరుకోవడం అలవాటైంది. ముసురుపట్టి దిగులుగా ఉన్న రోజుని "డ్రీఖ్" అంటారు. చిన్నదాన్ని "వీ" అంటారు, పసిపిల్లల్ని "బేర్న్స్" అంటారు. ఇవి గేలిక్ మాటలు కావు. స్కాట్స్ ఇంగ్లీషుకి తోబుట్టువు. ఒకప్పుడు రాజాస్థానంలో వెలిగిన భాష. ఆరవ జేమ్స్ రాజు స్వయంగా అందులో కవిత్వం రాశాడు. ఆయన 1603లో ఇంగ్లండు సింహాసనం ఎక్కి లండన్ వెళ్ళిపోయాడు. 1707లో పార్లమెంటూ లండన్ చేరింది. పెద్దమనుషులకి సొంత మాట నామోషీ అయింది.

ఎంత నామోషీ అంటే, డేవిడ్ హ్యూమ్ అంతటి తత్వవేత్త 1752లో, రాతలో రాకుండా చూసుకోవలసిన స్కాట్స్ ప్రయోగాల జాబితా ఒకటి తయారుచేశాడు. 1787లో జేమ్స్ బీటీ అలాంటిదే ఏకంగా పుస్తకంగా వేశాడు.

సరిగ్గా దానికి ముందు ఏడాది, 1786లో, కిల్మార్నాక్ అనే ఊళ్ళో రాబర్ట్ బర్న్స్ తొలి కవితల పుస్తకం అచ్చయింది. వేసినవి 612 ప్రతులు. ఆయనా చివర్లో ఒక జాబితా ఇచ్చాడు. అయితే అది మానేయాల్సిన మాటలది కాదు, అర్థాల పట్టిక. కవితల్లో మాటలు దర్జాగానే ఉన్నాయి, కానీ వాటికి వెనక పేజీల్లో సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

1814లో వాల్టర్ స్కాట్ 'వేవర్లీ' వచ్చింది. ఆయన నవలల్లో పనివాళ్ళూ పల్లెజనమూ స్కాట్స్ మాట్లాడతారు, కథ చెప్పే రచయిత మాత్రం చక్కటి ఇంగ్లీషులో చెబుతాడు. వెనక పేజీల నుంచి మాట లోపలికొచ్చింది కానీ కొటేషన్ మార్కుల మధ్యే ఉండిపోయింది.

ఆ గీత దాటడానికి ఇంకో వందేళ్ళు పైనే పట్టింది. 1932లో లూయిస్ గ్రాసిక్ గిబ్బన్ 'సన్‌సెట్ సాంగ్'లో కథనమే ఈశాన్య స్కాట్లండు రైతుల మాటతీరులో నడిపాడు. అందులో క్రిస్ అనే అమ్మాయి చదువు నేర్పిన ఇంగ్లీషుకీ మట్టి నేర్పిన మాటకీ మధ్య తనని తాను రెండుగా చీల్చుకుంటుంది. తర్వాత జేమ్స్ కెల్మన్ గ్లాస్గో శ్రామికుల మాటలో రాస్తూ కొటేషన్ మార్కులే ఎత్తేశాడు. 1994లో ఆయనకి బుకర్ బహుమతి వస్తే న్యాయనిర్ణేతల్లో ఒకరు బాహాటంగానే తప్పుపట్టారు.

ఇదంతా చదివాక నా సంగతి గుర్తొచ్చింది. మాది శ్రీకాకుళం వైపు. ఇంజనీరింగ్ హాస్టల్లో "ఏటి" అంటే నవ్వారు. నెల తిరిగేసరికి "ఏంటి" అనడం నేర్చేసుకున్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు. హ్యూమ్ గారి జాబితా లాంటిది నేనే తయారుచేసుకున్నాను.

ఈ బ్లాగులో పాత టపాలు తిరగేశాను. మా అమ్మ మాట వచ్చినచోటల్లా కొటేషన్ మార్కులున్నాయి. "గుంటడు" పక్కన బ్రాకెట్లో "కుర్రాడు" అని అర్థం కూడా రాశాను. చదివేవాళ్ళంతా తెలుగువాళ్ళే, అయినా రాశాను.

నిన్న రాత్రి కూర్చుని ఆ బ్రాకెట్లన్నీ తీసేశాను. తెలియనివాళ్ళుంటే అడుగుతారు. ఔట్‌విత్ అంటే ఏమిటని నేనడగలేదూ?