తేనెటీగల లెక్క

కరీంనగర్ నుండి పెద్దపల్లికి పోయే బాటలో సుల్తానాబాదు ఉన్నది. చుట్టూ కాలువ నీటితో పండే వరిపొలాలు. వరికి తేనెటీగతో పనిలేదు. కాని పెరటిలోని గుమ్మడి, దోస, కాకర తీగలకు మగపూవు వేరు, ఆడపూవు వేరు. ఒకదాని పుప్పొడిని రెండవదానికి చేర్చే ఈగ రాకపోతే పిందె ఎండి రాలిపోతుంది. కనుక ఈగలు తగ్గుతున్నవా అనే ప్రశ్న కూరగాయలు తినే ప్రతి ఇంటిదీను. ప్రభుత్వ సమాచారంలో దీనికి జవాబు ఎంతవరకు దొరుకుతుంది?

ఆ సమాచారానికి పాత చరిత్రే ఉన్నది. 1884లో తంతి తపాలా శాఖకు చెందిన డగ్లస్ భారతదేశానికి తగిన తేనెటీగల పెంపకాన్ని గురించి చిన్న పుస్తకం వ్రాశాడు. 1928లో వ్యవసాయ రాయల్ కమిషన్ ఈ పనిని కుటీరపరిశ్రమగా ప్రోత్సహించుమన్నది. 1962లో పుణెలో కేంద్ర పరిశోధన సంస్థ ఏర్పడింది. పరిశ్రమను పెంచడమే లక్ష్యం కనుక అందరి దృష్టీ పెట్టెమీద, తేనెమీద నిలిచింది.

1991-92లో దక్షిణ రాష్ట్రాలలో థాయి సాక్‌బ్రూడ్ అనే వైరస్ వ్యాధి వ్యాపించింది. ఈ రోగం తగిలిన పిల్లపురుగు నీటిసంచివలె ఉబ్బి చచ్చిపోతుంది. పుట్ట తేనెటీగల పెట్టెలు వేలకొలది ఖాళీ అయినవి. పెట్టెలలోనివి గనుక ఆ నష్టం కంటపడింది. చెట్టుతొర్రలలో నశించిన పట్టులకు లెక్క వ్రాసేవారు లేరు.

2020లో కేంద్రప్రభుత్వం 500 కోట్ల రూపాయలతో తేనెటీగల పెంపకానికి జాతీయ పథకాన్ని ప్రకటించింది. 2021 ఏప్రిల్ 7న పెంపకందారులు తమ పేర్లు నమోదు చేసుకొనడానికి, తేనె ఎక్కడ పుట్టినదో తెలియడానికి 'మధుక్రాంతి' పోర్టల్ ఆరంభమైంది. ఆ పనికి అది తగిన సాధనమే. అయితే పెట్టెల సంఖ్య పెరగడం ఒకటి, ఈగలు క్షేమంగా ఉండడం మరొకటి. కోళ్ల ఫారాలను లెక్కించి పిచ్చుకల సంగతి చెప్పలేము కదా! పెట్టెలలో ఇటాలియన్ ఈగలు పెరుగుతున్నా, ఎత్తైన కొమ్మలకు పట్టు పెట్టే కొండ తేనెటీగ, పొదలలోని చిన్న తేనెటీగ తగ్గిపోవచ్చును. ఆసియాలో అడవి ఈగల స్థితిని తేల్చడానికి చాలినన్ని లెక్కలు లేవని 2016లో జీవవైవిధ్యంపై ఏర్పడిన అంతర్జాతీయ శాస్త్రవేత్తల వేదిక స్పష్టంగా చెప్పింది.

కనుక ఏ ప్రకటన చదివినా నాలుగు ప్రశ్నలు వేయాలి: ఏ ఈగ? ఎక్కడ? ఎవరు లెక్కించారు? ఎన్నేళ్లుగా? ఈ నాలుగింటికీ జవాబున్నప్పుడే అది పౌరునికి పనికివచ్చే సమాచారం.

పాఠశాల తోటలో గుమ్మడి పూచినప్పుడు విద్యార్థులు ఉదయంపూట పది నిమిషాలు నిలిచి, వచ్చిన ఈగలను రకాలవారీగా తేదీతో వ్రాసి ఉంచవచ్చును. పదేళ్లు సాగితే ఆ నోటుపుస్తకమే ఆ ఊరికి తొలి లెక్క అవుతుంది.